మెడ నలభై రెండు

ఆ బుధవారం ఆఫీసుకు సెలవు పెట్టి అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. లాప్‌టాప్‌ను, ప్రింటరును మామగారి దుకాణానికి మోసుకెళ్ళాలి. ఒక కోటుకు కొలతలిచ్చి కత్తిరింపు కాగితాలు అచ్చు వేయాలి. మధ్యాహ్న భోజనంలోగా మామగారి చేత ‘ఫరవాలేదే’ అనిపించుకోవాలి. ఇందులో ఒకరి పరువు తీసే పని ఏదీ లేదు కదా అని ఎవరైనా అనుకుంటారు. అతనూ అలాగే అనుకున్నాడు.

మామగారు కోట్లు కుట్టే దర్జీ. ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ కింద కత్తిరింపు బల్ల, దాని వెనక ఆయన చేతుల కుర్చీ, పక్కన కుట్టు మెషిను, మూలన ముదురాకుపచ్చ తెర వేసిన ట్రయల్ రూము. వారం కిందట ఆయన పై అరలోంచి గుడ్డ తాను లాగబోయి స్టూలుతో సహా కింద పడ్డారు. స్టూలుకేమీ కాలేదు. ఆయన కుడి మణికట్టుకు మాత్రం కట్టు పడింది. సుద్దముక్క పట్టుకోలేరు, కత్తెర సంగతి సరేసరి. పాత ఖాతాదారు బ్యాండుమాస్టారి కోటేమో మర్నాడు సాయంత్రం కచేరీకి సిద్ధం కావాలి. ఆ ఆకుపచ్చ గుడ్డ మాస్టారు ఎక్కడినుంచో తెప్పించుకున్నది, పాడైతే మళ్ళీ దొరకదు.

“మీరు సుద్దముక్క ముట్టుకోనక్కర్లేదు మామయ్యగారూ. కొలతలు చెప్పండి చాలు. నమూనాలు నా ప్రోగ్రాము గీసిస్తుంది. అత్తయ్యగారు దాని ప్రకారం కత్తిరించేస్తారు” అని అల్లుడు ముందే మాటిచ్చాడు. వారం రోజులు కూర్చుని పైథాన్ అనే కంప్యూటరు భాషలో ఆ ప్రోగ్రాము రాశాడు కూడా. ఇదంతా కోటు కోసమా అంటే, నిజం చెప్పాలి, కాదు.

మామగారికి కోపం ఎక్కువ, మొహమాటం తక్కువ. భార్యను తిడతారు, కూతుర్ని తిడతారు, కొళాయి బాగు చేయడానికొచ్చిన మనిషిని తిడతారు. పొట్ట పెరిగిన ఖాతాదారుణ్ణి నిలబెట్టి “కోటు వదులు చేయను, నువ్వే చిక్కి రా” అని పంపేస్తారు. ఎవరూ ఏమీ అనుకోరు, ఆయన తిట్టేది తన వాళ్ళనే అని అందరికీ తెలుసు. అల్లుణ్ణి మాత్రం పెళ్ళయిన రెండేళ్ళలో ఒక్క మాట అనలేదు. “రండి అల్లుడుగారూ”, “కూర్చోండి అల్లుడుగారూ”. ఆ ‘గారు’ వినబడినప్పుడల్లా అతనికి తాను ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినవాడినే అనిపించి ప్రాణం ఉసూరుమనేది. ఆ నోటితో ఒక్కసారి ‘నువ్వు’ అనిపించుకోవాలని అతని కోరిక. పని చేసి చూపిస్తే అంటారేమోనని ఆశ.

ఇదంతా తెలిసిన అతని భార్య, సాయం చేద్దామనుకుని, తన ఆఫీసుకు బయల్దేరే ముందు తండ్రికి ఫోను చేసింది.

“నాన్నా, ఇవాళ ఆయన ఏం చేసినా నువ్వు ఒక్క మాటనకు. వారం నుంచీ పాపం కళ్ళు పీక్కుపోయేలా రాస్తున్నారు.”

“నేనెప్పుడు అన్నానే?”

“అనలేదు. ఇవాళ కూడా అనకు. నామీద ఒట్టు.”

“సర్లేవే, నోరు కుట్టేసుకుంటాను” అన్నారు దర్జీగారు.

అల్లుడు గుమ్మంలో అడుగు పెట్టగానే ఎప్పుడూ జరిగే సర్దుబాటు జరిగింది. మామగారు తన కుర్చీలోంచి లేచి అతన్ని అందులో కూర్చోబెట్టారు. ఆయన వెళ్ళి మెషిను ముందున్న అత్తగారి స్టూలు మీద కూర్చున్నారు. అత్తగారు లేచి కూతురి పీట వేసుకున్నారు. కూతురు ఉండి ఉంటే గోడకానుకుని నిలబడేది, ఎప్పుడూ అంతే. వద్దంటే వినరు. అల్లుడు వద్దనడం కూడా ఎప్పుడో మానేశాడు.

“కొలతలు చెప్పండి మామయ్యగారూ.”

“మెడ పదహారు, ఛాతీ నలభై రెండు, నడుము ముప్పై ఎనిమిది, చేతి పొడవు ఇరవై ఐదు” అన్నారు మామగారు కళ్ళు మూసుకుని. ఆయన కొలతలు ఎప్పుడూ పై నుంచి కిందికి అదే వరసలో చెబుతారు. అల్లుడూ ప్రోగ్రాములో అదే వరస పెట్టాడు. ఈ నాలుగూ ఇస్తే మిగిలినవన్నీ ప్రోగ్రామే లెక్క కట్టుకుంటుంది.

అతను నాలుగు అంకెలూ కొట్టి మీట నొక్కాడు. లాప్‌టాప్ తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. ఇంగ్లీషులో ఉన్న ఆ ముక్కకు తెలుగు ఇది: ‘ఒక ఆర్గ్యుమెంటు తక్కువైంది. దాని పేరు చేతి పొడవు.’ ప్రోగ్రాముకు పని పురమాయించేటప్పుడు చేతికందించే సరుకును ఆర్గ్యుమెంటు అంటారు.

అల్లుడు తెల్లబోయాడు. నిన్నటిదాకా ఇదే చక్కగా నడిచింది. నిన్న సాయంత్రమే, మామగారికి చూపించేది కదా, పద్ధతిగా ఉండాలని విడివిడి లెక్కలన్నీ పోగుచేసి ‘కోటు’ అనే క్లాసులో సర్దాడు. అందులో ‘కత్తిరించు’ అనే మెథడ్, అంటే అది చేయాల్సిన పని, పెట్టాడు. సర్దాక మళ్ళీ ఒకసారి నడిపి చూసుకోవాల్సింది. చూసుకోలేదు.

“ఏమిటండీ, ఎర్రగా వచ్చింది?” అన్నారు అత్తగారు.

“ఏం లేదత్తయ్యగారూ. చేతి పొడవు అడుగుతోంది.”

“ఇచ్చాం కదా?”

“ఇచ్చాం. ఇంకోసారి ఇస్తే పోలా?”

అతను పనిచేసే ఆఫీసులో అదే పద్ధతి. పైవాళ్ళు ఏదడిగితే అది ఇచ్చేయడమే, ఎందుకని అడిగితే మాట పెరుగుతుంది. అతను చివర ఇంకో ఇరవై ఐదు తగిలించి మీట నొక్కాడు. ఎర్రక్షరాలు మాయమయ్యాయి. ఆ గదిలో తప్పును తప్పని మొహం మీద చెప్పే ధైర్యం ఉన్నది ఆ కంప్యూటరు ఒక్కదానికే. దాని నోరు అలా మూయించేశాడు.

ప్రింటరు గుర్రుమంటూ కాగితాలు కక్కింది. అల్లుడు వాటిని నేల మీద పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ, అంచుకు అంచు కలిపి టేపుతో అతికించాడు. అతనికి అవి గీతలు. కోటు ముక్కలు విడివిడిగా ఎలా ఉంటాయో అతనికెలా తెలుస్తుంది? జీవితంలో కోటు తొడుక్కున్నది ఒక్కసారి, పెళ్ళికి. అదీ ఈ మామగారు కుట్టిందే.

మామగారికి మాత్రం తెలుసు. ఆయన వంగి చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. మెడ భాగం భుజాలను దాటి ఎటో వెళ్ళిపోయింది. నడుము భాగం చిన్నపిల్లల గౌనుకు సరిపోయేలా ఉంది.

“అల్లుడుగారూ... ఈ మెడ...”

“చెప్పండి మామయ్యగారూ.”

మామగారి గొంతులో ఏదో పైకి వచ్చింది. దాన్ని బలవంతాన మింగారు. “చాలా... విశాలంగా ఆలోచించారు” అని, లేచి వంటింట్లోకి నడిచారు. అత్తగారు వెనకే వెళ్ళారు.

“నలభై రెండు అంగుళాల మెడే! అందులోంచి మనిషి మనిషే జారిపోతాడు!” అన్నారు మామగారు పళ్ళబిగువున.

“అయితే ఆ మాట ఆయనతో చెప్పండి.”

“నేను చెప్పను. అమ్మాయి ఒట్టేయించుకుంది. నువ్వు చెప్పు.”

“బాగుంది! కొత్తల్లుడికి అత్త తప్పులు పడుతుందా? నలుగురూ ఏమనుకుంటారు?”

“రెండేళ్ళయింది, ఇంకా కొత్తేమిటే? సరే, అయితే కానీ. పోయి కత్తిరించు!”

“కత్తిరిస్తాను” అన్నారు అత్తగారు శాంతంగా.

ఆవిడ లోపల గదిలో తలుపు దగ్గరకు వేసుకుని కత్తిరించారు. కత్తెర కరకరమన్నప్పుడల్లా మామగారు ఉలిక్కిపడి, ఎవరో తన పీకే కోస్తున్నట్టు కట్టు ఉన్న చేయి గొంతు మీద పెట్టుకున్నారు. మధ్యాహ్నానికి ఆవిడ ముదురాకుపచ్చ ముక్కల్ని పెద్ద పెద్ద కుట్లతో తాత్కాలికంగా కలిపి, ట్రయల్‌కు సిద్ధమన్నారు. అల్లుడు ఉప్పొంగిపోయాడు. మామగారు భోజనం వద్దన్నారు.

“అత్తయ్యగారూ, ట్రయల్ రూము తెరేదీ?” అనడిగాడు అల్లుడు, ఏదో ఒక మాట కలపాలని.

“ఉతకాలని తీశానండీ.”

సాయంత్రం బ్యాండుమాస్టారు వచ్చాడు. పాతికేళ్ళుగా ఈ దుకాణంలో కోట్లూ తిట్లూ రెండూ తీసుకెళ్తున్న మనిషి. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఓ తిట్టుకు సిద్ధంగా మొహం పెట్టాడు.

“రండి మాస్టారూ. దయచేయండి” అన్నారు మామగారు.

బ్యాండుమాస్టారి గుండె జారిపోయింది. దయచేయమంటున్నాడు! వెంటనే ఆయన చూపు మామగారి మణికట్టు కట్టు మీద పడింది. డాక్టరు ఏదో చెప్పకూడనిది చెప్పి ఉంటాడు, పాపం ఈ చేత్తో ఇక కత్తెర పట్టలేడేమో అనుకున్నాడు. ఈయన మనసు కష్టపెట్టే మాట తన నోట రాకూడదని అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు. ఇప్పుడా గదిలో నోరు విప్పకూడదనుకునేవాళ్ళు ఇంకొకరు పెరిగారు.

కోటు తొడిగారు. తొడిగిందే తడవు అది భుజాల మీంచి రెండు పక్కలా జారి మోచేతుల దగ్గర ఆగింది. అల్లుడు గబగబా పైకి లాగాడు. మళ్ళీ జారింది. ఛాతీ దగ్గర ఊపిరి ఆడలేదు. నడుము దగ్గర రెండు అంచుల మధ్య జానెడు పొట్ట ధైర్యంగా బయటికి చూస్తోంది.

“ఎలా ఉందండీ?” అన్నాడు అల్లుడు.

“బ్రహ్మాండం” అన్నాడు బ్యాండుమాస్టారు ఊపిరి బిగబట్టి. “గాలి... బాగా ఆడుతుంది. మెడకు.”

“బొత్తాములు కలవడం లేదేమో...”

“ఎందుకండీ కలవడం? కచేరీలో నేను జనానికి వీపే కదా చూపించేది!” అంటూ ఆయన అభ్యాసం కొద్దీ చేతులు రెండూ ఎత్తాడు. మణికట్టు దగ్గర వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిచాయి కోటు చేతులు. “ఆహా! చేతులు మాత్రం... ఇలా కుదరడం నా జన్మలో ఇదే మొదలు.”

అల్లుడు వెనక్కి నడిచి కుర్చీలో చతికిలబడ్డాడు. ఇది కోటు కాదని కళ్ళు చెబుతున్నాయి. బాగుందని చెవులు చెబుతున్నాయి. కళ్ళకేం తెలుసు, దర్జీ తను కాదు కదా! ఆఖరి ఆశగా మామగారి వైపు తిరిగాడు.

“మామయ్యగారూ, మీరు చెప్పండి. ఎలా ఉంది?”

“దివ్యంగా ఉంది” అన్నారు మామగారు. ఆయన మెడ నరాలు బయటికి పొడుచుకొచ్చాయి.

సరిగ్గా అప్పుడే కూతురు ఆఫీసు నుంచి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిసంచీ జారి కింద పడింది.

“అయ్యయ్యో! మాస్టారూ, ఎవరండీ మిమ్మల్ని సగం మింగి వదిలేశారు?” అని నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. “నాన్నా, నువ్వు చూస్తూ ఎలా ఊరుకున్నావు?”

అంతే. పొద్దున్నుంచీ బిగబట్టిందంతా ఒక్కసారి తెగింది.

“ఊరుకోమన్నది నువ్వు కాదుటే!” అని మామగారు కూతురి మీద లేచి, అక్కణ్ణుంచి అల్లుడి మీదికి తిరిగారు. “ఏమయ్యా, నువ్వెప్పుడైనా మనిషి మెడ చూశావా? నీకు లేదూ ఒకటి? నలభై రెండు అంగుళాలుంటుందా మెడ? ఏనుక్కుంటుంది! అంత మంచి గుడ్డ! మళ్ళీ పుట్టించగలవా నువ్వు? రేపు ఈయనేం కట్టుకుని నిలబడతాడు, నీ కాగితాలా? లే! లే ముందు నా కుర్చీలోంచి!”

గదిలో సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. సూదులకు ఆ గదిలో కొదవ లేదు, కానీ ఏదీ పడలేదు. మామగారు తన నోరు తానే చేత్తో మూసుకున్నారు. అత్తగారు నాలుక కరుచుకున్నారు. భార్య నవ్వు ఆగిపోయి భర్త మొహంలోకి భయంగా చూసింది.

అల్లుడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గుతో కొంత, గుడ్డ పాడైందన్న దిగులుతో కొంత. కానీ ఆ రెంటికీ అడుగున, ఒప్పుకోవడానికి సిగ్గుపడేంత సంతోషంగా ఉంది అతనికి. నువ్వు అన్నారు. ఒకసారి కాదు, గుక్క తిప్పుకోకుండా అన్నారు.

“తప్పు నాదే మామయ్యా” అన్నాడు లేస్తూ. ‘గారు’ తగిలించడం మరిచిపోయాడు.

అతను లేవడంతో మామగారు అలవాటుగా వెళ్ళి తన కుర్చీలో కూలబడ్డారు. ఆయన లేచిన స్టూలు మీద అత్తగారు కూర్చున్నారు. ఆవిడ వదిలిన పీట కూతురు లాక్కుంది. అల్లుడు నిలబడి ముగ్గుర్నీ చూశాడు. రెండేళ్ళలో మొదటిసారి ఎవరి చోట వాళ్ళున్నారు. గోడకానుకుని నిలబడాల్సిన అవసరం అతని భార్యకు లేదు.

“అదీ!” అని అరిచాడు.

“ఏదీ?” అన్నారు మామగారు ఉలిక్కిపడి.

“మొదటి కుర్చీ! మొదటి కుర్చీ కోటుది మామయ్యా! నేను దాన్ని ఖాళీగా వదిలేస్తే మెడ వచ్చి కూర్చుంది! ఛాతీ వెళ్ళి మెడ చోట, నడుము వెళ్ళి ఛాతీ చోట, చేతి పొడవు నడుము చోట కూర్చున్నాయి. చివర చేతి పొడవు కుర్చీ ఖాళీ పడి, అది కావాలని కంప్యూటరు అడిగింది. నేను అందులో ఇంకో ఇరవై ఐదు తెచ్చి పడేశాను!”

అతను నేల మీదే లాప్‌టాప్ పెట్టుకుని చూపించాడు. క్లాసంటే కోటు కాదు, కోటెలా ఉండాలో రాసిపెట్టిన పద్ధతి. ముందు దాన్నుంచి ఒక కోటును తయారుచేసుకుని, ఆ కోటుకు ‘కత్తిరించు’ అని చెప్పాలి. అప్పుడు ఆ కోటు తనంతట తానే వెళ్ళి మొదటి చోట కూర్చుంటుంది. అతను తయారుచేయకుండానే కత్తిరించమన్నాడు.

“కోటే లేకుండా కోటు కత్తిరించావన్నమాట” అన్నారు మామగారు. “సంతోషం. అయినా ఇప్పుడేం లాభం? గుడ్డ పోయింది.”

“గుడ్డెక్కడికీ పోలేదు” అన్నారు అత్తగారు. బీరువా తెరిచి బ్యాండుమాస్టారి గుడ్డను మడత విప్పకుండా తెచ్చి బల్ల మీద పెట్టారు. “ఆయన ఒంటి మీదున్నది ట్రయల్ రూము తెర. రంగు దగ్గర దగ్గరగా ఉంది కదా అని.”

బ్యాండుమాస్టారు తన ఒంటివైపు చూసుకున్నాడు. తెర కడ్డీ రింగు ఒకటి వీపు మీద ఇంకా వేలాడుతోంది.

“మరి నాతో ఒక్క ముక్క చెప్పవేం?” అన్నారు మామగారు అగ్గిమీద గుగ్గిలమై.

“మీరు అల్లుడికెందుకు చెప్పలేదో అందుకే. ఒంటి మీద చూస్తే ఎవరో ఒకరు నోరు విప్పుతారనుకున్నాను. ఇంతమంది మర్యాదస్థులని తెలియలేదు.”

“నేనైతే మీ చేతి సంగతి తెలిసి ఊరుకున్నానండీ” అన్నాడు బ్యాండుమాస్టారు.

“నా చేతికేమయింది? బెణికింది! నువ్వా తెర విప్పి నోర్మూసుకుని కూర్చో!” అన్నారు మామగారు. ఆ మాటతో బ్యాండుమాస్టారి మొహం వికసించింది.

అల్లుడు ప్రోగ్రాములో ముందు ఒక కోటును తయారుచేసి, ఆ కోటుతో కత్తిరించమని చెప్పి, మీట నొక్కాడు. మళ్ళీ ఎర్రక్షరాలు. ఈసారి మామగారు కుర్చీ దిగి అతని భుజం మీదుగా వంగారు.

“ఏమంటుందిరా అది?”

‘రా’ కూడా వచ్చింది. అల్లుడు ఎర్రక్షరాలు చదివాడు. “ఐదే తీసుకుంటానంటోంది. ఆరిచ్చానట.”

మామగారు బాగున్న చేతి వేళ్ళ మీద లెక్క పెట్టారు. “మెడ, ఛాతీ, నడుము, చెయ్యి, మళ్ళీ ఇంకో చెయ్యి. ఐదే కదా ఇచ్చావు? అబద్ధాలాడుతోంది. అడిగినట్టు ఏదో ఒకటి ఇచ్చేసెయ్.”

“లేదు మామయ్యా. ఈసారి ఎందుకంటోందో చూద్దాం” అన్నాడు అల్లుడు. కాసేపు చూశాడు. “మొదట కూర్చున్న కోటును కూడా కలిపి లెక్కపెట్టింది. అందుకే ఆరు. పొద్దున నేను దాని నోరు మూయించడానికి పెట్టిన రెండో చెయ్యి ఎక్కువ.”

దాన్ని తీసేశాడు. ఎర్రక్షరాలు లేవు. ప్రింటరు గుర్రుమంది. ఈసారి మామగారు కాగితాల మీద పాకుతున్న అల్లుణ్ణి అడుగడుక్కీ తిట్టారు. టేపు వంకరగా వేశావన్నారు, మోకాలు తీయమన్నారు, మెడ దగ్గర కొలత టేపు పెట్టి స్వయంగా కొలిచి పదహారని తేలాక కూడా ఇంకోసారి కొలిచారు. అత్తగారు అసలు గుడ్డ కత్తిరించారు. అల్లుడు తిట్లన్నీ ఒక్కటి కూడా వదలకుండా తిన్నాడు.

మర్నాడు కచేరీకి కోటు అందింది. మెడ మెడ దగ్గరే ఉంది, బొత్తాములు కలిశాయి. బ్యాండుమాస్టారు మాత్రం చేతులు మొదటి కోటుకే బాగున్నాయని ఇప్పటికీ వాదిస్తాడు. రెండూ ఇరవై ఐదేనని ఎంత చెప్పినా వినడు.

ఆ తర్వాత అల్లుడు ఎప్పుడు వచ్చినా ఆ ఇంట్లో ఎవరూ కుర్చీలోంచి లేవడం లేదు. “వచ్చావా? ఆ దారం ముక్కలు ఊడ్చి కూర్చో” అంటారు మామగారు. అతను ఊడ్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న స్టూలు వేసుకుంటాడు. ట్రయల్ రూముకు కొత్త తెర కొంటానన్నాడుగానీ, ఉన్నది దండగ చేస్తావా అని మామగారు మళ్ళీ తిట్టి పాతదే, కోటు కుట్లు కూడా విప్పకుండా, వేలాడదీయించారు.

లోపల కోటు మార్చుకునేవాళ్ళను చూసి ఆ తెర రెండు చేతులూ చాపుకుని నిలబడుతుంది, కొలత ప్రకారం.